బండి కూలెంట్ ఇంట్లోనే మార్చడం: దింపిన లెక్క, ఎక్కించిన లెక్క

మార్చి నెలాఖరు వచ్చిందంటే స్నేహితుల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఫ్యాన్ గుయ్యిమంటోంది. కట్టెల పొయ్యి పక్కన కూర్చున్నట్టు కాళ్లకు సెగ తగులుతోంది. ఏమైందంటావ్?" కూలెంట్, అదే ఇంజన్ వేడిని లాగి చల్లబరిచే ద్రవం, ఎప్పుడు మార్చావని అడుగుతాను. అవతల రెండు క్షణాలు మాట ఉండదు. తర్వాత, "అదీ మార్చాలా?"

మార్చాలి. ఇంజన్ ఆయిల్ అంత తరచుగా అక్కర్లేదు. చాలా బండ్లకు రెండేళ్లకోసారి చాలు, కొన్నింటికి ఇంకాస్త ఎక్కువ గడువు ఉంటుంది. బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఆ గడువూ ఉంటుంది, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో ఆ అంకే ఉంటుంది. ఆ రెండో అంకెను ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి, పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కూలెంట్ మార్చడానికి చేయి తిరిగిన మెకానిక్ అక్కర్లేదు. కానీ ఎంత దింపాం, ఎంత ఎక్కించాం అన్నది కిరాణా కొట్టు పద్దులా రాసుకోకపోతే పని సరిగ్గా అయిందో లేదో తెలిసే దారే లేదు. మిగతాదంతా పానా తిప్పడమే.

అసలు మీ బండిలో కూలెంట్ ఉందా

నవ్వకండి, ఈ ప్రశ్న చాలామందిని అడగాల్సి వచ్చింది. ఇంజన్ ముందు జల్లెడలాంటిది కనిపిస్తే చాలు, కూలెంట్‌ను చల్లార్చే రేడియేటర్ అనేసుకుంటారు. పల్సర్ 220, జిక్సర్ 250, ఇంటర్‌సెప్టర్ 650 లాంటి బండ్లకు ముందున్నది ఆయిల్ కూలర్. అందులో తిరిగేది ఇంజన్ ఆయిలే. వాటికి కూలెంట్ ఉండదు, ఈ పనితో సంబంధమూ లేదు.

మన రోడ్ల మీద రేడియేటర్ బండి మామూలు జనంలోకి బాగా వెళ్లింది 2008లో వచ్చిన యమహా ఆర్15తోనే. ఆ తర్వాత పల్సర్ ఎన్ఎస్200, కేటీఎం డ్యూక్‌లు, డామినార్ 400, అపాచీ ఆర్ఆర్ 310 వరుసగా వచ్చాయి. గాలితో చల్లబడే ఇంజన్లకే పేరుపడ్డ రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2023లో హిమాలయన్ 450తో రేడియేటర్ పెట్టింది. స్కూటర్లలో ఏరాక్స్ 155కి ఉంది. బైకుల్లో గుర్తుపట్టడం తేలిక. రేడియేటర్ నుంచి రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు ఇంజన్‌లోకి వెళ్తాయి, దాని వెనక కరెంటు ఫ్యాన్ ఉంటుంది. ఎక్కడో ఒక పక్క తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మీద పైగీత, కిందగీత కనిపిస్తాయి. ఆ డబ్బాయే రిజర్వ్ ట్యాంక్.

ఇక్కడ రాసేది 150 నుంచి 400 సీసీ దాకా ఉండే సింగిల్ సిలిండర్ బండ్లను మనసులో పెట్టుకుని. వీటిలో ఇంచుమించు లీటరు అటూ ఇటూగా కూలెంట్ పడుతుంది. నాది 200 సీసీ, ఫెయిరింగ్ లేని బండి. ఫెయిరింగ్ ఉన్నవాళ్లకు ప్లాస్టిక్ ప్యానెళ్లు విప్పే పని అదనం. విప్పిన స్క్రూలను ఏ ప్యానెల్‌వి ఆ ప్యానెల్ పక్కన వేరే గిన్నెల్లో వేసుకోండి, చివర్లో రెండు స్క్రూలు మిగిలిపోయే టెన్షన్ ఉండదు.

ఏ కూలెంట్, ఏ నీళ్లు

కూలెంట్‌లో ముఖ్యంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, నీళ్లు, తుప్పు పట్టకుండా కాపాడే కొన్ని రసాయనాలు. డబ్బా మీద యాంటీఫ్రీజ్ అని రాసి ఉంటుంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. లంబసింగి చలికి కూడా అంత అవసరం లేదు. మనకు కావాల్సింది రెండో చివర. అదే మిశ్రమం మామూలు గాలిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడి తోడైతే 125 దాటినా మరగదు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఇరుక్కుపోయినప్పుడు బండిని కాపాడేది ఆ తేడాయే.

కాలంతో పాటు పాడయ్యేది గ్లైకాల్ కన్నా ముందు ఆ తుప్పు మందులు. అవి అయిపోతే అల్యూమినియం, ఇనుము, రబ్బరు సీళ్లు నీళ్లకు నేరుగా చిక్కుతాయి. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉండొచ్చు. అందుకే "ఇంకా పచ్చగానే ఉందిగా" అన్న మాట నేను లెక్కచేయను.

అంగట్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి నేరుగా పోసుకునేది, నీళ్లు కలిపే ఇచ్చేస్తారు. రెండోది చిక్కటిది, కాన్సంట్రేట్ అంటారు, మనమే నీళ్లు కలుపుకోవాలి. తొందరలో చిక్కటిదాన్ని అలాగే పోసేవాళ్లను చూశాను. ఎంత చిక్కగా ఉంటే అంత చల్లదనం అనుకుంటారు. జరిగేది తలకిందులు. వేడిని మోయడంలో గ్లైకాల్ కన్నా నీళ్లే గట్టివి, గ్లైకాల్ మరీ ఎక్కువైతే బండి ఇంకా వేడెక్కుతుంది. సగం సగం మంచిది.

రంగు చూసి కొనకండి. పచ్చ, నీలం, ఎరుపు, గులాబీ అన్నవి కంపెనీలు వేసుకున్న రంగులు, ఫలానా రంగుకు ఫలానా రకం అనే నియమం లేదు. మీ మాన్యువల్‌లో చెప్పిన రకం డబ్బా వెనక రాసి ఉందా, అల్యూమినియం ఇంజన్లకు పనికొస్తుందని ఉందా చూడండి. జపాన్ కంపెనీల బండ్లకు సిలికేట్ అనే తుప్పు మందు లేనిది వాడమంటారు, సిలికేట్ వాటర్ పంపు సీలును త్వరగా అరగదీస్తుందని. రెండు వేరు రకాలు కలిపితే ఒక్కోసారి లోపల జిగురులా గడ్డకడుతుంది. మీరు మార్చబోతున్నది ఏ రకమో తెలియకపోతే పూర్తిగా కడగడమే దారి.

నీళ్ల విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేవి వద్దు. బ్యాటరీ షాపుల్లో 5 లీటర్ల క్యాన్లు చవకగా దొరుకుతాయి, ఒకటి తెచ్చుకుంటే సరిపోతుంది. బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో చూడాలంటే మీ ఇంట్లో గీజర్ రాడ్డు బయటికి తీసి చూడండి. దానికి పట్టిన తెల్ల సున్నపు పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లో పడుతుంది. తాగే మినరల్ వాటర్ డిస్టిల్డ్ కాదు, అందులో లవణాలుంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి దాచేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి స్వచ్ఛంగానే ఉంటాయి గానీ కాయిల్ మీది దుమ్మంతా కడుక్కుని వస్తాయి. మొక్కలకు పోయండి.

ఇంకా కావాల్సినవి: 8, 10 నంబర్ల పానాలు లేదా టీ స్పానర్లు, ఎలన్ కీలు, క్లిప్పులు తీయడానికి కటింగ్ ప్లయర్, గరాటు, వెడల్పాటి పాత టబ్బు, మిల్లీలీటర్ల గీతలున్న కొలజాడీ, చేతి గ్లవ్స్, పాత గుడ్డలు. కూలెంట్ దింపే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ ముందే తెచ్చుకోండి. పది ఇరవై రూపాయల వస్తువు, ఆదివారం పూట దొరకదు. టబ్బు, గరాటు, జాడీ మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. ఇది జాగ్రత్త కోసం పైపైన చెప్పే మాట కాదు. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి, మూత్రపిండాలు పాడై చనిపోతాయి. రంగునీళ్లు చూసి చిన్నపిల్లలూ నోట్లో పెట్టుకోవచ్చు. ఎవరైనా కొంచెం మింగినా ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి పరిగెత్తాలి.

చల్లారేదాకా మూత జోలికి వెళ్లొద్దు

పొద్దున్నే, బండి రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు మొదలుపెట్టడం అన్నిటికన్నా మంచిది. ఇంతకుముందే నడిపి ఉంటే కనీసం రెండు మూడు గంటలు వదిలేయండి. రేడియేటర్‌ను అరచేత్తో పట్టుకుంటే వెచ్చదనం కూడా తెలియకూడదు.

ప్రెషర్ కుక్కర్ పొయ్యి మీద ఉండగా ఎవరూ మూత లాగరు కదా. రేడియేటర్ మూతా అదే పని చేస్తుంది. చాలా మూతల మీద 1.1 అనో 108 కేపీఏ అనో అంకె ఉంటుంది, లోపల అంత ఒత్తిడిని పట్టి ఉంచుతుందన్నమాట. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ 110 డిగ్రీల ద్రవం మరగకుండా ఉంటుంది. మూత వదులైన మరుక్షణం మొత్తం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తడిగుడ్డ అడ్డం పెట్టి తీసేవాళ్ల ధైర్యాన్ని నమ్మొద్దు.

బండిని నేల సమంగా ఉన్నచోట నిటారుగా నిలబెట్టండి. వెనక చక్రాన్ని పైకెత్తి నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ ఉంటే బాగుంటుంది, లేకపోతే సైడ్ స్టాండ్ మీదే కానివ్వండి. గాలి తీసే దశలో మాత్రం నిటారుగా పట్టుకోవడానికి ఒక మనిషి తోడు కావాలి.

దింపడం

రేడియేటర్ కింది గొట్టాన్ని వేలితో తడుముకుంటూ వెళ్లండి. అది ఎక్కడ ఇంజన్‌లోకి చేరుతుందో అక్కడ గుండ్రటి మూతలా వాటర్ పంపు కనిపిస్తుంది. ఆ మూత అడుగు భాగంలో చిన్న బోల్టు ఒకటి రాగి లేదా అల్యూమినియం వాషర్‌తో ఉంటుంది. అదే కూలెంట్ డ్రెయిన్ బోల్టు. ఇంజన్ అడుగున నేలవైపు చూస్తూ ఉండే పెద్ద బోల్టు ఇంజన్ ఆయిల్‌ది, దాన్ని ముట్టుకోకండి. కొన్ని బండ్లకు డ్రెయిన్ బోల్టు విడిగా ఉండదు, కింది గొట్టం క్లిప్పు వదిలించి గొట్టాన్నే లాగాలి. ఏళ్ల తరబడి అంటుకుపోయి ఉంటుంది, లాగేముందు కాస్త అటూ ఇటూ మెలితిప్పండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే రేడియేటర్ ముక్కు వంగిపోతుంది.

ఇక్కడ వరస ముఖ్యం. రేడియేటర్ మూత వేసి ఉండగానే డ్రెయిన్ బోల్టు తీయండి. పైనుంచి గాలి వెళ్లే దారి లేదు కాబట్టి సన్నగా కారుతుంది, అంతే. టబ్బును సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత పై మూతను మెల్లగా తిప్పండి. మూత కదలగానే కింద ధార విల్లులా వంగి అడుగు దూరం ముందుకు పడుతుంది. టబ్బును ఇంజన్ కిందే కాకుండా బయటికి జరిపి పెట్టమనేది అందుకే. మొదటిసారి నేను పట్టింది టబ్బులోకి కాదు, చెప్పుల మీదికి.

ధార ఆగాక బండిని రెండు పక్కలకూ మెల్లగా వంచండి, ఇంకో గ్లాసెడు వస్తుంది. తర్వాత రిజర్వ్ ట్యాంక్. చాలామంది మర్చిపోయేది దీన్నే. దాని గొట్టం తీసి వేరే గిన్నెలో ఖాళీ చేయండి. అడుగున మట్టిలాంటి మడ్డి పేరుకుని ఉంటే ట్యాంకును విప్పి డిస్టిల్డ్ నీళ్లతో గిలక్కొట్టండి. ఇంజన్ చల్లారిన ప్రతిసారీ రేడియేటర్ ఈ డబ్బాలోంచే వెనక్కి పీల్చుకుంటుంది. పాత మడ్డి ఇక్కడ మిగిలితే, కొత్త కూలెంట్‌లోకి మొదటి రోజే వెళ్లిపోతుంది.

రంగు మీద పడ్డ చుక్కల్ని వెంటనే నీళ్లతో కడిగేయండి. టైరు మీద, బ్రేక్ డిస్కు మీద పడితే మరీ ముఖ్యం, గ్లైకాల్ నూనెలా జారుతుంది. రేస్ ట్రాకుల్లో చాలాచోట్ల గ్లైకాల్ కూలెంట్‌ను రానివ్వకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు పద్దు మొదలు. రేడియేటర్ నుంచి వచ్చిందాన్ని జాడీతో కొలవండి. రాసుకోండి. రిజర్వ్ ట్యాంక్‌లోది ఈ లెక్కలో కలపొద్దు.

కొలుస్తూనే దాన్ని వెలుతురులో చూడండి. రంగు కాస్త మాసి ఉంటే మామూలే. ఇటుక రంగులోకి మారి, అడుగున పొడి దిగితే లోపల తుప్పు మొదలైనట్టు. పైన నూనె చుక్కలు తేలుతున్నా, పాల మీగడలాంటి చిక్కటి తెట్టు ఉన్నా ఆయిల్, కూలెంట్ ఒకదాంట్లో ఒకటి కలుస్తున్నాయి. అప్పుడు కడగడం దండగ. హెడ్ గ్యాస్కెట్టో, పంపు సీలో చూపించుకోవాలి, బండిని నడపకుండా మెకానిక్‌ను పిలవండి.

వంగినప్పుడే ఇంకొకటి చూడండి. వాటర్ పంపు కింద, బోల్టు లేని చిన్న కన్నం ఒకటి ఉంటుంది. అది తయారీలో మిగిలిన రంధ్రం కాదు, కావాలని పెట్టింది. పంపు లోపల నీటి సీలు పోతే అక్కడినుంచి కూలెంట్ కారుతుంది, ఆయిల్ సీలు పోతే ఆయిల్ కారుతుంది. రెండూ కలిసిపోయి ఇంజన్ చెడకుండా ముందే చెప్పే కన్నం అది. కారుతోందని దానికి ఎం-సీల్ కొట్టిన బండి ఒకటి నా కళ్లతో చూశాను. నోరు మూశారు, రోగం లోపలే ఉండిపోయింది.

కడగడం: పూటంతా పట్టేది ఇక్కడే

మాన్యువల్‌లో మీ బండికి రిజర్వ్ ట్యాంక్ కాకుండా 1100 మిల్లీలీటర్లు అని ఉంది, కిందికి 900 దిగింది అనుకుందాం. మిగిలిన 200 ఎక్కడుంది? ఇంజన్ లోపలి మూలల్లో, వంపుల్లో. ఎంత వంచినా రాదు. దాన్ని పలచన చేసి చేసి బయటికి పంపడమే కడగడం.

డ్రెయిన్ బోల్టును పాత వాషర్‌తోనే బిగించి, డిస్టిల్డ్ నీళ్లు నిండుగా పోసి, మూత పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. నీళ్లు పోసి వెంటనే దింపేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ అనే చిన్న తలుపు మూసి ఉంటుంది. మామూలుగా 80 డిగ్రీల చుట్టుపక్కల వేడికి అది తెరుచుకుంటుంది. అంతవరకు ఇంజన్‌లో నీళ్లు ఇంజన్‌లోనే, రేడియేటర్‌లో నీళ్లు రేడియేటర్‌లోనే. పైగొట్టాన్ని అప్పుడప్పుడు తాకి చూడండి. చాలాసేపు చల్లగా ఉండి, ఉన్నట్టుండి వేడెక్కుతుంది. తలుపు తెరుచుకుందని అర్థం. అక్కడినుంచి ఇంకో రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపేయండి. ఫ్యాన్ దానంతటదే తిరిగినా కంగారు లేదు, దాని దగ్గరికి వేళ్లు మాత్రం పోనివ్వకండి.

మళ్లీ చల్లారాలి. ఇంకో దారి లేదు. టిఫిన్ చేయండి, చైన్ శుభ్రం చేసుకోండి. వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే లోహం తట్టుకోదు, వేడి మూత తీస్తే మీరు తట్టుకోలేరు.

ఎన్నిసార్లు కడగాలి? మన లెక్కనే చూడండి. లోపల మిగిలిన 200 మిల్లీలీటర్ల పాత కూలెంట్ మొదటి కడుగుడు తర్వాత 36కి, రెండోదాని తర్వాత ఇంచుమించు 7కి వస్తుంది. రెండుసార్లు చాలు. దిగిన నీళ్లలో ఇంకా తుప్పు రంగు కనిపిస్తే మూడోసారి. అంతకుమించి కడిగేది తృప్తి కోసమే.

నిమ్మ ఉప్పు, వెనిగర్, సబ్బునీళ్లు లాంటి చిట్కాలు వింటుంటారు. రాగి చెంబు మెరవాలంటే చింతపండు పెట్టి తోముతాం, బాగానే మెరుస్తుంది. రేడియేటర్ చెంబు కాదు. అది పలచటి అల్యూమినియం, పులుపు తగిలితే తినేస్తుంది. పైగా పులుసు ఎక్కడో ఒక మూల మిగిలి కొత్త కూలెంట్‌ను కూడా చెడగొడుతుంది. మడ్డి మరీ ఎక్కువగా ఉంటే అల్యూమినియానికి పనికొచ్చే రేడియేటర్ ఫ్లష్ మందు వాడి, తర్వాత రెండుసార్లు ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో కడగండి.

ఎక్కించడం

చివరి నీళ్లు దింపేశాక కొత్త వాషర్‌తో డ్రెయిన్ బోల్టు బిగించండి. ఇది సాధారణంగా సన్నటి బోల్టు, దిగేది అల్యూమినియంలోకి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి, పానా వాషర్ తగిలాకే. బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు అంటే, పొట్టి పానా పట్టుకుని మణికట్టు బలంతో తిప్పినంత. "ఇంకొక్క చుట్టు" అని లాగితే మర తెగుతుంది, పది రూపాయల వాషర్ పని కాస్తా పంపు కవర్ కొనేదాకా వెళ్తుంది.

ఇప్పుడు ఆ 200 సంగతి తేల్చాలి. కడిగాం కాబట్టి లోపల మిగిలింది ఉత్త నీళ్లు. దాని మీద కలిపి ఇచ్చిన రెడీమేడ్ కూలెంట్ 900 పోస్తే, అందులో గ్లైకాల్ 450. మొత్తం 1100లో అది 41 శాతమే. సగం సగం పోశామనుకుంటాం, లోపల ఉండేది అది కాదు. మన ఎండలకు 41 పర్వాలేదు గానీ తుప్పు మందులు కూడా అదే లెక్కన పలచనవుతాయి. అందుకే కడిగినప్పుడు నేను చిక్కటి రకమే తెస్తాను. ముందు చిక్కటిది 550 పోసి, తర్వాత డిస్టిల్డ్ నీళ్లు 350. లోపలి 200తో కలిసి సరిగ్గా సగం సగం. రెడీమేడే వాడాలనుకుంటే ఆఖరి కడుగుడును నీళ్లతో కాకుండా ఆ కూలెంట్‌తోనే చేయండి, ఇంకో లీటరు ఖర్చవుతుంది. కడగకుండా, పాతదీ కొత్తదీ ఒకే రకమైతే, రెడీమేడ్ నేరుగా పోసుకోవచ్చు.

గరాటు పెట్టి సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే గాలి కింద చిక్కుకుంటుంది. మధ్యలో ఆగి రెండు గొట్టాలనూ ఆవు పొదుగు పితికినట్టు నొక్కుతూ ఉండండి, బుడగలు పైకి వస్తాయి. నోటి దాకా నిండిందనిపించాక జాడీ చూడండి. దింపింది 900. ఎక్కింది 820 అయితే? 80 మిల్లీలీటర్ల గాలి లోపల కూర్చుని ఉంది.

గాలి తీయడం

ఈ పని మొదటిసారి చేసినప్పుడు నాకు పద్దూ లేదు, జాడీ లేదు. రేడియేటర్ నిండుగా కనిపించింది, మూత పెట్టి బయల్దేరాను. పంజాగుట్ట దాటేలోపు మీటర్‌లో వేడి గీతలు ఒక్కొక్కటే పైకి పాకాయి. పక్కకి తీసి తాకితే ఇంజన్ నిప్పులా ఉంది, పైగొట్టం మాత్రం గోరువెచ్చగా ఉంది. గాలి బుడగ అడ్డం పడి కూలెంట్ తిరగడమే లేదు. అక్కడే గంటసేపు కూర్చుని, మెల్లగా ఇంటికి తెచ్చి మూత తీసి పోస్తే ఇంకో 150 మిల్లీలీటర్లు పట్టింది.

కాబట్టి మూత తెరిచే ఉంచి, బండి నిటారుగా ఉండగా స్టార్ట్ చేయండి. ఇది చల్లటి ఇంజన్ మీద చేసే పని, రెండు మూడు నిమిషాలే. ముఖం రేడియేటర్ మీదికి వంచకండి. ఐడిల్‌లో తిరుగుతుండగా మూడు నాలుగు సార్లు చిన్నగా రేస్ చేసి వదలండి. బుడగలు వస్తాయి, మట్టం పడిపోతుంది, పోస్తూ ఉండండి. బండిని అటూ ఇటూ కొంచెం వంచితే దాక్కున్న బుడగలూ కదులుతాయి. కొన్ని బండ్లకు రేడియేటర్ పైభాగంలోనో, సిలిండర్ హెడ్ దగ్గరో గాలి తీసే చిన్న స్క్రూ ఉంటుంది. ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా కూలెంట్ కారేదాకా పోసి బిగించండి. బుడగలు ఆగి, మట్టం మెడ దగ్గర నిలిచాక ఇంజన్ ఆపి మూత పెట్టండి. ద్రవం పొంగడం మొదలైతే ఆలస్యం చేశారన్నమాట. ఆపేసి, చల్లారాక మళ్లీ చేయండి.

మూతను పెట్టేముందు దాని రబ్బరు చూడండి. పగుళ్లుంటే, గట్టిపడితే కొత్తది వేయండి. ఒత్తిడి నిలవకపోతే మనం కొలిచి పోసిన సగం సగమంతా వృథా. రిజర్వ్ ట్యాంక్‌ను సగం సగం మిశ్రమంతో పైగీతకు కొంచెం కిందుగా నింపండి. గీత దాటి నింపితే వేడికి వ్యాకోచించి రోడ్డు మీద కారుతుంది, ఎక్కడో లీకుందని మీరు బండి చుట్టూ తిరుగుతారు.

ఇప్పుడు పది పదిహేను నిమిషాలు ఇంటి చుట్టుపక్కలే నడిపి రండి. ఆగి, ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. డ్రెయిన్ బోల్టు దగ్గర, గొట్టాల మూతుల దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడండి. మర్నాడు పొద్దున చల్లటి బండి మీద రిజర్వ్ ట్యాంక్ చూస్తే మట్టం కొంచెం తగ్గి ఉంటుంది. భయపడొద్దు, మిగిలిన గాలి స్థానంలోకి అది వెళ్లింది. ఎంత తగ్గిందో అంత పోసి, పద్దులో కలపండి. నాలుగు రోజుల్లో ఎక్కించింది, దింపింది ఇంచుమించు సమానమైతే పని అయినట్టే. లెక్క సరిపోయాక కూడా వారం వారం తగ్గుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది. నేల మీద చుక్క లేదు, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తోంది అంటే కారేది సిలిండర్ లోపలికి. మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

పాత కూలెంట్, మొదటి కడుగుడు నీళ్లు మోరీలో పోయకండి, చెట్టు మొదట్లో అసలే వద్దు. మూత గట్టిగా పట్టే క్యాన్‌లో పోసి, మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చేయండి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పోసి ఉంచొద్దు. ఆ రంగు చూసి ఎవరు ఏమనుకుని తాగుతారో చెప్పలేం.

చివరగా సీటు కింద ఒక చిన్న స్టిక్కర్ అంటించండి: తేదీ, కిలోమీటర్లు, ఏ రకం కూలెంట్, ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కింది. రెండేళ్ల తర్వాత మళ్లీ మూత తీసే రోజున మొదట వెతుక్కునేది దాన్నే.